వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడవద్దు

ఉప్పల్ చౌరస్తాలో పావుగంట నిలబడి ఇంటికొస్తే ముక్కు తుడుచుకున్న చేతిరుమాలే చెబుతుంది మనం ఏం పీల్చామో. నారపల్లి దాకా ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఆ దుమ్ము తిన్నది ఉప్పల్, బోడుప్పల్ వాసులే. ఇటు నాచారం పారిశ్రామికవాడ, అటు నాగోల్ పక్కనే మూసీ. తుమ్ములు, ముక్కుదిబ్బడ, పొద్దున లేవగానే నుదురంతా బరువు, కళ్ల కింద నొప్పి. "సైనస్ అండీ" అనే మాట ఇప్పుడు "బీపీ అండీ" అన్నంత మామూలైపోయింది.

దీనికి ఇంటి వైద్యంగా ముక్కులోకి ఉప్పునీళ్లు పోసి కడుక్కోవడం చాలామంది చేస్తున్నారు. యోగా క్లాసుల్లో దీన్ని జలనేతి అంటారు. హఠయోగం చెప్పే షట్కర్మల్లో నేతి ఒకటి. ఇఎన్‌టీ డాక్టర్లు "సెలైన్ వాష్" అంటారు. 2021 మే నెలలో బ్లాక్ ఫంగస్ రోగులతో కోఠి ఇఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయిన రోజులు మనం మరిచిపోలేదు. సైనస్‌లకు ఆపరేషన్ అయినవారికి ఇంటికి పంపేటప్పుడు ముక్కు కడుక్కోమని చెప్పడం మామూలే. పద్ధతి మంచిదే. దుమ్ము, పుప్పొడి, చిక్కబడ్డ చీమిడి బయటికి పోతాయి, ఊపిరి తేలికవుతుంది. పెద్ద ఖర్చూ లేదు.

అయితే "రోజుకు 2 సార్లు కడుక్కోండి" అని చెప్పేవాళ్లున్నారు గానీ, "ఏ నీళ్లతో?" అని అడిగేవాళ్లు తక్కువ. చెప్పేవాళ్లు అంతకంటే తక్కువ. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం ఆ ఒక్క ప్రశ్నే.

తాగే నీళ్లే కదా, ముక్కులో పోస్తే ఏమవుతుందనుకుంటాం. నోటితో తాగిన నీరు కడుపులోకి వెళ్తుంది. అక్కడి ఆమ్లం చాలా క్రిముల్ని చంపేస్తుంది. ముక్కు దారి వేరు. ముక్కు పైభాగానికీ మెదడుకూ మధ్య ఉన్నది జల్లెడలాంటి ఒక పల్చటి ఎముక. వాసన తెలిపే నరాలు ఆ రంధ్రాల్లోంచే మెదడుకు వెళ్తాయి. గోరువెచ్చని మంచినీళ్లలో పెరిగే నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా సరిగ్గా ఆ దారినే పట్టుకుంటుంది. పత్రికల్లో మెదడు తినే అమీబా అని చదువుతున్నామే, అదే ఇది. దీన్ని తాగితే ఏమీ కాదు. మనిషి నుంచి మనిషికి అంటుకోదు. ముక్కులోంచి పైకి పోతే మాత్రం నూటికి 97 మందికి పైగా దక్కరు.

2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఇద్దరు చనిపోయారు. ఒకరు 28 ఏళ్ల యువకుడు, ఇంకొకరు 51 ఏళ్ల మహిళ. ఇద్దరూ ఏ చెరువులోనూ ఈదలేదు. నేతి పాత్రలో ఇంటి కుళాయి నీళ్లు పోసుకుని ముక్కు కడుక్కున్నారు, అంతే. ఆ ఇళ్ల కుళాయిల్లో, నీళ్లు వేడిచేసే పరికరంలో వెతికితే ఈ అమీబా దొరికింది. 2024లో టెక్సస్‌లో 71 ఏళ్ల ఆవిడ కూడా ఇలాగే కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కుని ప్రాణం పోగొట్టుకున్నారు. 2018లో సియాటిల్ వైద్యులు ఇంకో కేసు వెల్లడించారు. అందులో 69 ఏళ్ల ఆవిడ వాడింది ఇంటి ఫిల్టర్ నీళ్లు. ఆమె మెదడులో దొరికింది మరో జాతి అమీబా. నీటి శుద్ధికి పేరుపడిన దేశంలోనే ఇలా జరిగింది.

మనకు దగ్గరలో చూస్తే, 2024, 2025లో కేరళలో అమీబా మెదడువాపు కేసులు పదుల సంఖ్యలో బయటపడ్డాయి. ఎక్కువగా కుంటల్లో, బావుల్లో స్నానాలు అనుమానించారు. 2025లో అక్కడి ప్రభుత్వం బావులకు, ట్యాంకులకు క్లోరిన్ కలిపే కార్యక్రమమే పెట్టుకుంది. 2024లో కోజికోడ్ జిల్లాకు చెందిన 14 ఏళ్ల బాలుడు బతికి బయటపడ్డాడు. జబ్బును తొందరగా గుర్తించి మందు మొదలుపెట్టడమే అందుకు కారణం.

ఇప్పుడు మన నల్లా సంగతి చూద్దాం. కృష్ణా నుంచో గోదావరి నుంచో శుద్ధిచేసి పంపిన నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చినవి వచ్చినట్టు వాడుకోం. సంపులో పడతాయి. మోటారు వేస్తే పైన ట్యాంకులోకి ఎక్కుతాయి. నల్లా దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశ ప్రమాణం. సంపులో ఒక రోజు, మేడ మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో ఇంకో రోజు ఉన్నాక ఆ క్లోరిన్ ఎంత మిగులుతుంది? ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నల్లా తిప్పితే చెయ్యి కాలుతుంది కదా. వేడి నీళ్లే ఆ అమీబాకు ఇష్టం. 46 డిగ్రీల దాకా హాయిగా పెరుగుతుంది. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే కాలనీల్లోనైతే ఆ కాస్త క్లోరిన్ హామీ కూడా లేదు.

"మా ఇంట్లో ప్యూరిఫయర్ ఉందిగా" అంటారు కొందరు. అది తాగడానికి పనికొస్తుంది. దాని లోపలి తొట్టిలో గంటల తరబడి నిలవున్న నీటిలో ఏ క్రిమీ లేదని ఎవరూ పూచీ ఇవ్వరు. 20 లీటర్ల క్యాన్ నీళ్లకూ అదే మాట. గీజర్ నీళ్లు వేడివే గానీ మరిగినవి కావు. ఇంకొందరు "డిస్టిల్డ్ వాటర్" అని ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే సీసా తెస్తారు. అది బ్యాటరీ కోసం చేసింది, మనిషి ముక్కు కోసం కాదు. ఉప్పు వేస్తే క్రిములు చస్తాయనుకోవడమూ పొరపాటే. మనం వేసే ఉప్పు కన్నీళ్లలో ఉన్నంత. దానికి క్రిములేవీ చావవు.

మరేం చేయాలి? పొయ్యి మీద గిన్నె పెట్టాలి, అంతకంటే ఏం లేదు. శుభ్రంగా తోమిన స్టీలు గిన్నెలో అర లీటరుకు కాస్త ఎక్కువగా తాగే నీళ్లు పోయండి. సలసలా కాగాక ఒక టీ స్పూనుకు కాస్త తక్కువగా ఉప్పు, చిటికెడు వంటసోడా అందులోనే వేయండి. ఉప్పు కూడా మరిగిపోతుంది. అయోడిన్ కలపని మెత్తటి ఉప్పు దొరికితే మంట తక్కువ. నీళ్లు తెర్లడం మొదలయ్యాక అమెరికా అంటువ్యాధుల నియంత్రణ కేంద్రం 1 నిమిషం చాలంటుంది, కొండ ప్రాంతాల్లో 3 నిమిషాలంటుంది. అక్కడి ఆహార, ఔషధ సంస్థ 3 నుంచి 5 నిమిషాలంటుంది. మనం గడియారం చూసి 5 నిమిషాలు పెట్టుకుందాం. గ్యాస్ ఏమంత ఖర్చవదు. దించి, మూత పెట్టి, దానంతటదే చల్లారనివ్వండి. రాత్రి వంటయ్యాక కాచి పెట్టుకుంటే పొద్దుటికి సిద్ధం. వేణ్నీళ్లతో కడిగిన మూత సీసాలో ఉంచి 24 గంటల్లోపు వాడేయండి. మిగిలితే మొక్కలకు కాకుండా సింకులో పారబోయండి, ఉప్పు ఉంది కదా.

అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది. స్నానానికి తొలుపుకున్నట్టు, కాచిన నీళ్లు వేడిగా ఉన్నాయని పక్కనున్న నల్లా తిప్పి రెండు చెంబులు కలిపేస్తాం. అంతసేపు కాచిందీ వృథా. చన్నీళ్లకు వేణ్నీళ్లు తోడు అని సామెత. సంసారానికి అది మంచి మాటే, ముక్కుకు మాత్రం కాదు. తొందరగా చల్లారాలంటే గిన్నెను చల్లటి నీళ్ల పళ్లెంలో పెట్టండి, లోపలికి చుక్క పడనీయకండి. ఆఫీసుకు పరుగెత్తేవాళ్లు మందుల షాపులో దొరికే నార్మల్ సెలైన్ సీసా వాడుకోవచ్చు. అది క్రిమిరహితంగా చేసింది. మూత తీశాక ఆ రోజుకే.

చేతులు సబ్బుతో కడుక్కుని మొదలుపెట్టండి. వేళ్లు నీళ్లలో ముంచి వేడి చూడొద్దు, రెండు చుక్కలు మణికట్టు మీద వేసి చూస్తే చాలు. తల ముందుకు వంచి, ఒక పక్కకు తిప్పి, నోటితో ఊపిరి పీలుస్తూ పై ముక్కులో మెల్లగా పోయండి. మాట్లాడొద్దు. అయ్యాక గట్టిగా చీదొద్దు. నేతి పాత్రయినా ప్లాస్టిక్ సీసా అయినా ప్రతిసారీ సబ్బుతో కడిగి, కాచిన నీళ్లతో తొలిచి, బోర్లించి ఆరబెట్టండి. ఇంట్లో అందరికీ ఒకటే సీసా పనికిరాదు. చెవిపోటు, ముక్కులోంచి రక్తం, ముక్కు పూర్తిగా మూసుకుపోవడం ఉన్నప్పుడు, ఆపరేషన్ అయిన కొత్తలో, చిన్నపిల్లల విషయంలో డాక్టర్ని అడగనిదే చేయొద్దు.

ముక్కులోకి నీళ్లు వెళ్లాక 12 రోజుల్లోపు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకోవడం కనిపిస్తే "సైనసేలే" అని మాత్ర మింగి పడుకోవద్దు. ఆసుపత్రికి పరుగెత్తండి. ముక్కు కడుక్కున్నామని, ఏ నీళ్లతో కడుక్కున్నామో డాక్టరుకు నోరు తెరిచి చెప్పండి. ఆ ఒక్క మాట లేకపోతే ఆయనకు అనుమానం రావడమే కష్టం. ఇది చాలా అరుదైన జబ్బు, భయపడి ముక్కు కడుక్కోవడం మానాల్సిన పని లేదు. 5 నిమిషాల మంటతో తప్పించుకోగలిగిన ప్రమాదానికి ఎదురు వెళ్లనక్కర్లేదనే ఈ మాటలన్నీ.

ఇంకొక్క మాట. పిల్లాడికి కాచి చల్లార్చిన నీళ్లు, మావగారికి ఫ్లాస్కులో వేణ్నీళ్లు, ఆయన టిఫిన్ డబ్బాతో పాటు నీళ్ల సీసా. ఇవన్నీ మరవని ఇల్లాలు తన తలనొప్పి దగ్గరికొచ్చేసరికి వాష్‌బేసిన్ నల్లా కింద చెయ్యి పెట్టి ముక్కులోకి పీల్చేస్తుంది. "నా ఒక్కదానికి మళ్లీ పొయ్యి ఎందుకు" అనుకుంటుంది. నీ ఒక్కదానికీ పొయ్యి వెలిగించాలమ్మా. నువ్వు వెలిగించలేని రోజున ఇంట్లో ఇంకెవరైనా వెలిగించాలి. నీళ్లు కాచడానికి మగవాళ్లకూ చేతులున్నాయి.

ముక్కు కడుక్కోమని చీటీ రాసే డాక్టర్లు దాని కిందే "మరిగించి చల్లార్చిన నీళ్లతో" అని ఇంకో వరుస రాయాలి. జలనేతి నేర్పే గురువులు ఆసనం కంటే ముందు నీళ్ల సంగతి చెప్పాలి. సీసాలు అమ్మే మందుల షాపువాళ్లు ఆ మాట తెలుగులో చెప్పాలి. అపార్ట్‌మెంట్ సంఘాలు సంపులు, ట్యాంకులు వేళకు కడిగించాలి, జలమండలిని క్లోరిన్ గురించి అడగాలి. వాళ్లంతా చేసేదాకా మన వంటింటి పొయ్యి మన చేతుల్లోనే ఉంది. ఈ రాత్రే ఒక గిన్నె పెట్టండి.