కారుకు చొక్కా తొడిగారు... మరి ఉతికేదెలా?

పొద్దున్నే ఆరింటికి ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకైనా వెళ్లి చూడండి. వాచ్‌మన్ చేతిలో ఒక బకెట్, ఒక పాత బనీను గుడ్డ. పది కార్లకూ అవే. మూడో కారు దగ్గరికి వచ్చేసరికే నీళ్లు టీ రంగులోకి మారిపోతాయి. నాలుగోది మొన్ననే షోరూం నుంచి వచ్చిన కొత్త బండి. పెయింట్ పాడవకూడదని ఇంటాయన లక్ష దాకా పోసి ఒళ్లంతా ఫిల్మ్ అంటించాడు. అదే గుడ్డ దాని మీదా తిరుగుతుంది. తప్పు వాచ్‌మన్‌ది కాదు. ఆ బండికి ఫిల్మ్ ఉందని అతనికి చెప్పిందెవరు?

పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్... ముద్దుగా పీపీఎఫ్. వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్ రెక్కలు దెబ్బతినకుండా అంటించిన పొరే దీనికి మూలం. ఇప్పుడు మంచి రకాలను థర్మోప్లాస్టిక్ పాలీయురేథేన్‌తో చేస్తున్నారు. మందం సుమారు 150 నుంచి 200 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో ఐదో వంతు కూడా మించదు. లారీ టైరు ఎగరేసిన కంకర దెబ్బను అది కాస్తుంది. సన్నటి గీతలైతే ఎండకో, వేడినీళ్లకో వాటంతటవే మాసిపోతాయి. ఈ మాట వినే చాలామంది, ఇక ఎలా తోమినా ఫరవాలేదనుకుంటున్నారు. మాసిపోయేది పైపూతలోని గీతే. ఇసుక రేణువు లోతుగా కోస్తే ఏ ఎండా పూడ్చలేదు.

ఫిల్మ్ వేయించాక వారంపాటు కడగొద్దు. అంటించేటప్పుడు చేరిన తేమ లోపల ఆరుతూ ఉంటుంది. చిన్న చిన్న నీటి బుడగలు కనిపించినా సూదితో పొడవొద్దు. ఆ తర్వాత నీడలో, బండి చల్లబడ్డాక కడగాలి. ముందు పైపుతో దుమ్మంతా జారిపోయేలా తడపాలి. ఒక బకెట్‌లో కారు షాంపూ, రెండో బకెట్‌లో మంచినీళ్లు. మైక్రోఫైబర్ గుడ్డతో పైనుంచి కిందికి తుడుస్తూ, ప్రతిసారీ మంచినీళ్లలో జాడించాకే మళ్లీ షాంపూలో ముంచాలి. చక్రాలకు గుడ్డ వేరు. గిన్నెల సబ్బు, బట్టల పొడి వద్దే వద్దు. తారు మరకకు పెట్రోలో, థిన్నరో రుద్దే అలవాటు కూడా మానుకోవాలి.

సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు ఒక మాట చెప్పి ఇవ్వండి. ప్రెషర్ గన్‌ను కనీసం రెండడుగుల దూరంలో పట్టుకోవాలి, ఫిల్మ్ అంచుల మీదికి నేరుగా కొట్టకూడదు. అంచు ఒక్కసారి లేచిందా, అందులో దుమ్ము చేరి నల్లగీత కడుతుంది. మళ్లీ అతకదు.

మన బోరునీళ్లది ఇంకో తంటా. వాటిలోని సున్నపు లవణాలు ఎండిపోయి తెల్లమచ్చలవుతాయి. కడగగానే పొడిగుడ్డతో అద్దేయడమే మందు. పిట్టల రెట్టలో ఆమ్లం ఉంటుంది కాబట్టి దాన్నీ సాయంత్రం దాకా ఉంచకూడదు. గీకకుండా, తడిగుడ్డ కాసేపు వేసి నానాక తీయాలి.

అన్నట్టు, కొత్త బండికి పూజ చేయించకుండా ఉంటామా! పసుపు ముద్ద వంటింటి ప్లాస్టిక్ డబ్బాకు పట్టినట్టే ఫిల్మ్‌కూ పడుతుంది. బొట్లు అద్దం మీద పెట్టుకుంటే ఏ గొడవా లేదు. బానెట్ మీదే పెట్టాలని పెద్దవాళ్లు పట్టుబడితే, హారతి కాగానే కడిగేయండి. మరక మిగిలినా కంగారుపడి రుద్దొద్దు. ఎండకు పసుపు రంగు క్రమంగా వెలిసిపోతుంది. పూలదండలను మాత్రం టేపుతో ఫిల్మ్‌కు అంటించొద్దు. టేపు లాగేటప్పుడు అంచు లేస్తుంది.

మెరుపు లేని మ్యాట్ ఫిల్మ్ అయితే పాలిష్, వ్యాక్స్ జోలికే పోకూడదు.

ఎంత బాగా చూసుకున్నా కొన్నేళ్లకు ఫిల్మ్ తీయించక తప్పదు. మరీ ఆలస్యం చేస్తే జిగురు పెయింట్‌ను వదలదు. నిపుణులు వేడి తగిలిస్తూ నెమ్మదిగా ఒలుస్తారు. గుద్దుకున్నప్పుడు మళ్లీ పెయింట్ వేయించిన డోరు, బంపరు ఏవైనా ఉంటే ముందే వాళ్లకు చెప్పండి. అక్కడ ఫిల్మ్‌తోపాటు పెయింటూ ఊడొచ్చే ప్రమాదముంది.