మృతులు నియమించిన హంతకుడు

కిరాయి హంతకుల కథలు లోకానికి కొత్త కావు. ఒకరు పైకం ఇస్తారు, మరొకరు ప్రాణం తీస్తారు, పని కాగానే ఎవరి దారి వారు చూసుకుంటారు. ఈ మాసం మేము పాఠకులకు పరిచయం చేయదలచిన నవలలో మాత్రం హంతకుణ్ణి పనికి పెట్టినవారు బ్రతికి ఉన్నవారు కారు, చనిపోయినవారు. వారి వద్ద పైకం లేదు. వారు వానికి ముట్టజెప్పిన కిరాయి తమ శరీరపు తునకలే. అందువల్లనే ఆ బేరం ఎన్నటికీ తెగలేదు.

నవల పేరు 'ఫ్రాంకెన్‌స్టైన్ ఇన్ బాగ్దాద్'. రచయిత అహ్మద్ సాదావీ 1973లో బాగ్దాద్‌లో జన్మించిన కవి, నవలాకారుడు, డాక్యుమెంటరీ చిత్రాల రూపకర్త. 2013లో అరబీ భాషలో వెలువడిన ఈ నవలకు 2014లో అంతర్జాతీయ అరబీ కాల్పనిక సాహిత్య పురస్కారం లభించింది. ఆ పురస్కారం పొందిన తొలి ఇరాకీ రచయిత ఆయనే. జొనాథన్ రైట్ చేసిన ఆంగ్లానువాదం 2018లో మ్యాన్ బుకర్ అంతర్జాతీయ బహుమతి తుది జాబితాకు ఎక్కింది. పేరులోని ఫ్రాంకెన్‌స్టైన్ ఆంగ్ల రచయిత్రి మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన నవలలోని యువ శాస్త్రజ్ఞుడు. శవాల అవయవాలు కూర్చి ఒక ప్రాణిని తయారుచేసి, దానిని చూసి తానే జడిసి పారిపోయినవాడు. ఆ పాత కథలో అవయవాలను కూర్చినది జ్ఞానగర్వం. బాగ్దాద్ కథలో కూర్చినది జాలి. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి.

కథాకాలం 2005. అమెరికా సేనలు ఇరాక్‌ను ఆక్రమించి రెండేళ్లయింది. బజారుకు వెళ్లినవారు తిరిగి ఇంటికి వస్తారన్న భరోసా లేదు. నగరం నడిబొడ్డున బతావీన్ అనే పాత పేటలో, ఒక శిథిలగృహంలో హాదీ అనే పాత సామాన్ల వర్తకుడు నివసిస్తుంటాడు. పేరుకు 'దారి చూపేవాడు' అని అర్థం. మనిషి మాత్రం తాగుబోతు, కోతలరాయుడు. అతనితో కలిసి వ్యాపారం చేసే నాహిమ్ కారుబాంబు పేలుడులో మరణిస్తాడు. శవాగారానికి వెళ్లి చూస్తే అక్కడ ఎవరి దేహం ఎవరిదో పోల్చుకునే వీలు లేదు. ఆ దృశ్యం హాదీ మనసును విరిచివేస్తుంది. నాటి నుండి అతడు పేలుళ్లు జరిగిన చోట్ల మిగిలిన తునకలను ఏరి తెచ్చి, దారంతో కుట్టి, ఒక పూర్తి దేహంగా కూర్చసాగుతాడు. అవి చెత్తతో పాటు ఊడ్చివేయబడకూడదనీ, తక్కిన మృతుల వలె గౌరవంగా మట్టికి చేరాలనీ అతని కోరిక.

ఈ కోరికను మన కుటుంబాలకు వివరించనక్కరలేదు. గుస్ల్ చేయించి, కఫన్ చుట్టి, జనాజా నమాజు చేసి మట్టికి అప్పగించడం చనిపోయినవారి పట్ల బ్రతికి ఉన్నవారు తీర్చవలసిన బాధ్యత. ఆ బాధ్యత తీర్చుకోవడానికి ఒక పూర్తి దేహమైనా మిగలని నగరంలో, ఒక తాగుబోతు తనకు తోచిన వికృతమైన పద్ధతిలో దానిని తీర్చబోయాడు. నవల అంతటా పరుచుకున్న విషాదానికి ఇదే మొదలు.

కుట్టిన దేహం ఖననానికి నోచుకోదు. ఒక హోటలు కాపలాదారు హసీబ్, పేలుడు పదార్థాలు నింపిన చెత్తలారీ దూసుకురాగా దేహం మిగలకుండా మరణిస్తాడు. అతని ఆత్మ తలదాచుకునే చోటు వెతుకుతూ వచ్చి హాదీ కుట్టిన దేహంలో చేరుతుంది. పొరుగింట ఎలిష్వా అనే వృద్ధ క్రైస్తవ స్త్రీ, ఇరాన్ యుద్ధానికి వెళ్లి తిరిగిరాని కొడుకు దానియేల్ కోసం ఇరవై ఏళ్లుగా గుమ్మం వైపు చూస్తూ బ్రతుకుతున్నది. ఆమె వల్లనే ఆ వీధికి బరకత్ ఉన్నదనీ, ఆమె ఉన్నంతకాలం ఆపద రాదనీ ఇరుగుపొరుగు ముస్లిం స్త్రీలలో కొందరి నమ్మకం. ఆమె తన కొడుకు పేరు పెట్టి పిలవగానే ఆ దేహం లేచి నిలుచుంటుంది. ఇరాకీల వాడుకభాషలో 'అదేమిటో, దాని పేరేమిటో' అనే అర్థం వచ్చే మాటతో హాదీ దానిని 'షిస్మా' అంటాడు.

షిస్మాకు తన కర్తవ్యం స్పష్టంగానే తోస్తుంది. తనలోని ప్రతి అవయవమూ అన్యాయంగా చంపబడిన ఒకరిది. వారిని చంపినవారిని చంపడమే తన పని. ఎలిష్వా కొడుకును బలవంతాన యుద్ధానికి పంపడానికి కారకుడైన ముసలి మంగలి కూడా ఆ పనిలో భాగంగానే హతమవుతాడు. ఒక పగ తీరగానే, ఆ పగకు చెందిన అవయవం కుళ్లి రాలిపోతుంది. అంటే పని పూర్తయిన కొద్దీ హంతకుడు కరిగిపోవాలి. చివరి పగ తీరిన నాడు వాడు కూడా లేకుండా పోవాలి. న్యాయం ఇంత చక్కగా ముగిసిపోతే నవల అక్కడితో ఆగిపోయేది.

ఇంతటి భీతావహమైన కథను సాదావీ నవ్విస్తూ చెప్పడం ఈ నవల ప్రత్యేకత. హాదీ జరిగినదంతా జరిగినట్లే కాఫీ హోటల్లో కూర్చుని చెబుతాడు. వాడు చెప్పినది నిజమైనందువల్లనే ఎవరూ నమ్మరు! మహమూద్ అనే యువ పాత్రికేయుడు దీనిపై వ్యాసం రాస్తే, సంపాదకుడు దాని శీర్షిక మార్చి, హాలీవుడ్ నటుడు రాబర్ట్ డి నీరో ఫ్రాంకెన్‌స్టైన్ చిత్రంలో వేసిన వేషం ఫోటోను పెద్దదిగా అచ్చువేస్తాడు. మరోవైపు, రాబోయే బాంబుపేలుళ్లను కనిపెట్టడానికి ఒక ప్రభుత్వ విభాగం ఉన్నది. దాని అధిపతి బ్రిగేడియర్ సురూర్ జ్యోతిష్కులను జీతాలిచ్చి పోషిస్తుంటాడు. వారిలో పెద్ద జ్యోతిష్కుడికీ చిన్న జ్యోతిష్కుడికీ మధ్య ఆఫీసు తగవులు. జ్యోతిష్కులను ఆశ్రయించడాన్ని ఇస్లాం ఎందుకు గట్టిగా వారించిందో తెలిసిన పాఠకులు ఈ పుటలు చదివి నవ్వుతారు. నవ్విన తరువాత ఆలోచిస్తారు. వ్యవస్థ చేతులెత్తేసిన చోట మనిషి మొదట ఆశ్రయించేది ఇటువంటి వారినే కదా.

హంతకునికి శిష్యులు కూడా ఏర్పడతారు. వారిలో ఒక వెర్రివాడు షిస్మానే అసలైన తొలి ఇరాకీ పౌరుడని ప్రకటిస్తాడు. అన్ని జాతుల, తెగల, వర్గాల ముక్కలు ఆ ఒక్క దేహంలోనే కలిసి ఉన్నాయి గనుక! బ్రతికినవారిలో కుదరని దేశైక్యత చివరికి ఒక శవంలో కుదిరిందన్నమాట. ఇది నవ్వో ఏడుపో పాఠకులే తేల్చుకోవాలి.

ఇక్కడి నుండి కథ మలుపు తిరుగుతుంది. రాలిపోయిన అవయవాల స్థానంలో కొత్తవి అమర్చకపోతే షిస్మా నిలువలేడు. శిష్యులు కొత్త మాంసం తెచ్చి అతుకుతుంటారు. ప్రతి కొత్త అవయవంతో పాటు ఒక కొత్త పగ వచ్చి చేరుతుంది. కొంతకాలానికి, అతికిన మాంసంలో నేరస్తుల మాంసం కూడా ఉన్నదని బయటపడుతుంది. అప్పుడు తనలో అమాయకుల వంతు ఎంత, దుర్మార్గుల వంతు ఎంత అనే లెక్క మొదలవుతుంది. ఒకనాటి రాత్రి కళ్లు పాడై చూపు పోతున్నప్పుడు, దారిన పోయే ఒక నిర్దోషియైన వృద్ధుణ్ణి చంపి ఆయన కళ్లు తీసి పెట్టుకుంటాడు. వాడికి సమర్థన కూడా దొరుకుతుంది. ఆ ముసలివాడు ఎలాగూ చావబోయేవాడేనట!

పగ తీర్చడానికి పుట్టినవాడు చివరికి బ్రతకడానికి పగలు వెతుక్కుంటున్నాడు. మా దృష్టిలో ఈ నవల చెప్పిన అసలు మాట ఇదే. డబ్బు తీసుకుని చంపేవాడు డబ్బు ముట్టగానే ఆగవచ్చు. న్యాయం పేరున చంపేవాడు ఆగలేడు. ఆగితే తానెవరో వానికే తెలియకుండా పోతుంది.

కథ కల్పితమే గాని ఆనాటి బాగ్దాద్ భయం కల్పితం కాదు. 2005 ఆగస్టు 31న టైగ్రిస్ నదిపై ఉన్న అయిమ్మా వంతెన మీద, ఆత్మాహుతి బాంబరు జనంలో ఉన్నాడన్న పుకారు లేవగా తొక్కిసలాట జరిగి 900 మందికి పైగా మరణించారు. అక్కడ వారిని చంపినది బాంబు కాదు, భయం. షిస్మా వంటి వాణ్ణి పోషించేది కూడా ఆ భయమే. ప్రతి వర్గం వాడు ఎదుటి వర్గం మనిషేనని అనుకుంటుంది. అయినా లోలోపల ప్రతి వర్గానికీ అటువంటివాడు ఒకడు తన వైపున ఉంటే బాగుండునన్న కోరిక ఉంటుంది.

ఇక్కడ ఒక స్పష్టీకరణ అవసరం. ఒకరి ఆత్మ మరొకరి దేహంలో ప్రవేశించడం మన విశ్వాసం కాదు. మరణించినవారు ప్రళయదినం వరకూ బర్జఖ్‌లో ఉంటారన్నదే మనం నమ్మే మాట. నవలలోని ఆత్మసంచారాన్ని కథ చెప్పడానికి రచయిత వాడుకున్న సాధనంగానే చూడాలి. పిల్లలకూ, కిశోరప్రాయులకూ ఈ పుస్తకం తగదు. హింస, మద్యం, మొరటు మాటలు ఇందులో ఉన్నాయి. వయసు వచ్చినవారు, ముఖ్యంగా ఇంట తగవులు తీర్చవలసిన పెద్దలు చదవదగినది.

పెద్దలు అని మేము ఊరకనే అనలేదు. షిస్మా వ్యాధి అరబ్బులకు పాతదే. ఇస్లాంకు పూర్వం బక్ర్, తగ్లిబ్ తెగల మధ్య ఒక ఆడ ఒంటెను చంపిన కారణంగా మొదలైన బసూస్ యుద్ధం నలభై ఏళ్లు సాగిందని చెబుతారు. ప్రతి హత్యా వెనుకటి హత్యకు బదులే. మొదటి ఒంటెను మరచిపోయినా యుద్ధం మాత్రం ఆగలేదు. ఇస్లాం ఖిసాస్ అనే న్యాయాన్ని విధించినప్పుడు, హతుని వారసులకు హక్కు ఇస్తూనే, నేరనిర్ధారణను న్యాయాధిపతి చేతిలో పెట్టింది. హద్దు మీరవద్దని హెచ్చరించింది. రక్తపరిహారం పుచ్చుకునే దారినీ, క్షమించే దారినీ తెరిచి ఉంచింది. క్షమాపణను మెచ్చుకున్నది. చంపే హక్కును వీధిలోని మనిషి చేతి నుండి తీసివేయడమే అందులోని మొదటి మేలు. షిస్మా చేసిన మొదటి తప్పు కళ్ల కోసం వృద్ధుణ్ణి చంపడం కాదు. ఫిర్యాదీ, సాక్షీ, ఖాజీ, తలారీ అన్నీ తానే కావడం.

హిజ్రీ 10వ సంవత్సరం, అరఫాత్ మైదానం. దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ చివరి హజ్ ప్రసంగంలో అజ్ఞానకాలపు రక్తపగలన్నింటినీ రద్దు చేశారు. అప్పుడు మొట్టమొదట రద్దు చేసినది ఎవరి పగను? తమ సొంత కుటుంబానికి రావలసిన పగను. రబీఅ బిన్ హారిస్ కుమారుడు, ఇంకా పాలు తాగే వయసులో, బనూ సఅద్ తెగవారి వద్ద పెరుగుతుండగా హుజైల్ తెగవారి చేతిలో మరణించాడు. రబీఅ దైవప్రవక్త (స) పెదతండ్రి కుమారుడు. ఎదుటివారి లెక్క ముందు కొట్టివేయమని ఆయన అడగలేదు. తమకు రావలసిన లెక్కను ముందు కొట్టివేశారు.

షిస్మాకు ఎవరూ చూపని దారి అదే. వానిలోని ఒక్క అవయవమైనా, ఒక్క మృతుని బంధువైనా 'మా లెక్క వదిలివేశాము' అని ఉంటే, ఆ మేరకు ఆ దేహం పలచబడి ఉండేది. నవల ముగింపులో పోలీసులు హంతకుణ్ణి పట్టుకున్నామని ప్రకటిస్తారు. జనం సంబరాలు చేసుకుంటారు. పట్టుబడినవాడు ఆ హంతకుడు కాడని పాఠకునికి మాత్రం తెలుసు. అసలువాడు ఒక పాడుబడిన హోటల్ కిటికీలో నిలబడి ఆ సంబరాన్ని చూస్తుంటాడు.

మన ఇళ్లలో రక్తపగలు లేవు. అందుకు అల్లాహ్‌కు కృతజ్ఞతలు. అయినా ఆస్తి పంపకంలో వచ్చిన మాట తేడాతో పదేళ్లుగా సలాం చెప్పుకోని అన్నదమ్ములు లేరా? ఏనాడో పెళ్లి విందులో జరిగిన అవమానాన్ని ఆడపడుచు పిల్లల వరకూ మోసుకొచ్చిన ఇళ్లు లేవా? ఆ మొదటి మాట ఏమిటో చాలామందికి ఇప్పుడు గుర్తుండదు. దానికి అతికించిన కొత్త ముక్కలే మిగిలి ఉంటాయి. వచ్చే పండుగకు ముందు ఆ గుమ్మం తొక్కవలసినది ఎవరన్న ప్రశ్నకు అరఫాత్ మైదానంలోనే సమాధానం దొరికింది. బాకీ రావలసినవాడే ముందు వెళ్లాలి.