బ్యాటరీలో రావి మొక్క

పాత గోడ పగులులో రావి మొక్క మొలుస్తుంది. మొదట రెండాకులే. పట్టించుకోకుండా వదిలేస్తే వేళ్లు లోపలికి దిగి గోడనే చీల్చేస్తాయి. లిథియం లోహంతో చేసే బ్యాటరీలోనూ అచ్చం ఇలాంటి మొక్కే మొలుస్తుంది. దాని పేరు డెండ్రైట్. గ్రీకు భాషలో చెట్టు అనే అర్థమున్న మాట నుంచి వచ్చిన పేరది.

సెల్‌ఫోన్ బ్యాటరీల్లో లిథియం అయాన్లు దాక్కునేది సాధారణంగా గ్రాఫైట్ పొరల్లో. లెక్కప్రకారం గ్రాము గ్రాఫైట్ 372 మిల్లీఆంపియర్ అవర్ల ఛార్జిని దాచుకుంటుంది. అదే గ్రాము లిథియం లోహమైతే 3,860. అంటే పది రెట్ల పైమాటే! మిగతా భాగాల బరువు కూడా ఉంటుంది కాబట్టి బ్యాటరీ శక్తి మొత్తంగా పది రెట్లు కాదు. అయినా ఫోను ఎక్కువసేపు పనిచేస్తుంది, విద్యుత్ కారు ఎక్కువ దూరం వెళుతుంది. మరి లోహాన్నే వాడొచ్చుగా?

అక్కడే వచ్చింది చిక్కు. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఎలక్ట్రోలైట్ ద్రవంలోంచి వచ్చి లోహపు రేకు మీద పేరుకుంటాయి. సమంగా పరుచుకుంటే ఏ గొడవా లేదు. కానీ రేకు మీద ఎక్కడైనా చిన్న బొడిపె ఉందంటే విద్యుత్తు తాకిడి అక్కడే ఎక్కువ. అయాన్లూ అక్కడికే పరుగెడతాయి. బొడిపె కాస్తా సూదవుతుంది. ధ్రువాల మధ్య ఉన్న పలుచని పొరను పొడుచుకుని అవతలి ధ్రువాన్ని తాకిందా, షార్ట్ సర్క్యూటే. పైగా ఆ ద్రవానికి మండే గుణం ఉంది.

ఇది ఊహ కాదు. కెనడాకు చెందిన మోలీ ఎనర్జీ సంస్థ లిథియం లోహపు బ్యాటరీలను అమ్మింది. ఫోన్లలో మంటలు రావడంతో 1989లో వాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీలో లోహం బదులు కార్బన్ వచ్చి కూర్చుంది. భద్రత కోసం శక్తిని కొంత వదులుకున్నారన్నమాట. గడియారాల్లో వేసే లిథియం బిళ్ల బ్యాటరీల్లో మాత్రం నేటికీ లోహమే ఉంటుంది. వాటిని మళ్లీ ఛార్జి చేయరు కాబట్టి మొక్క మొలిచే అవకాశమే లేదు. అందుకే వాటికి పొరపాటున కూడా ఛార్జింగ్ పెట్టకూడదు.

మరి మొక్కను ఆపేదెలా? అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ లేబొరేటరీ పరిశోధకులు 2013లో ఒక ఉపాయం చెప్పారు. ద్రవంలో కాస్త సీసియం కలిపితే దాని అయాన్లు బొడిపె చుట్టూ చేరి కాపలా కాస్తాయి. లిథియం అయాన్లను పక్కకు నెడతాయి. దాంతో గుంటలు నిండి రేకు చదునవుతుంది.

ఇంకో దారి, ద్రవమే లేకుండా గట్టి పింగాణీ లాంటి ఎలక్ట్రోలైట్ వాడటం. లిథియం చాకుతో కోసేంత మెత్తన. అది పింగాణీని ఏం చేయగలదనుకున్నారు. కానీ చేసింది! సన్నని పగుళ్లలో దూరి, రావి వేరులా చీల్చుకుంటూ పోయింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి దీని మూలాన్ని వెతికారు. 2022లో వెలువడిన వారి అధ్యయనం ప్రకారం, బ్యాటరీ వాడుతున్నప్పుడు లిథియం తరిగిపోయి, పింగాణీకి ఆనుకున్న చోట కంటికి కనిపించని ఖాళీలు ఏర్పడతాయి. విద్యుత్తు వాటి అంచుల్లో గుమిగూడి డెండ్రైట్‌కు నారు పోస్తుంది. రెండింటి మధ్య టంగ్‌స్టన్ లాంటి లోహాన్ని అతి పలుచని పూతగా వేస్తే ఆ ఖాళీలు ఏర్పడటం ఆలస్యమైంది. మొక్క మొలకెత్తడమూ ఆలస్యమైంది.

ఆలస్యమే తప్ప శాశ్వత విరుగుడు కాదు. ఫోనులోనో కారులోనో పెట్టే బ్యాటరీ వందల సార్లు ఛార్జి అయినా ఒక్క సూదీ మొలవకూడదు. అయితే ఒక సంగతి తేలింది. గోడను ఎంత గట్టిగా కట్టామన్నది ఒక్కటే చాలదు, పగులు లేకుండా చూసుకోవాలి. రావి మొక్క ఏనాడో నేర్పిన పాఠమే ఇది.