రొయ్యకున్న పరీక్ష మనిషికి లేదా?

నీళ్ళు మంచివా కాదా అనగానే మనవాళ్ళు చేసే మొదటి పని, ఆర్వో మెషీను అమ్మేవాడి దగ్గరుండే పెన్ను గ్లాసులో ముంచడం. 80 చూపిస్తే అమృతం, 900 చూపిస్తే విషం! ఇంజనీరింగ్ చదివిన మనం కూడా ఆ ఒక్క అంకెతో తృప్తి పడిపోతాం. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి ఫోన్ చేసి "టీడీఎస్ ఎంతొచ్చింది?" అని అడిగి నిశ్చింతగా పడుకుంటాం.

ఆ పెన్ను కొలిచేది నీళ్ళల్లోంచి కరెంటు ఎంత బాగా పోతోందన్నది మాత్రమే. దాన్నుంచి కరిగిన లవణాలు ఎన్నో అంచనా వేసి చెప్తుంది. అది చూపించగల తేడా మామూలుగా లీటరుకి 1 మిల్లీగ్రాము. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం సీసానికి హద్దు 0.01 మిల్లీగ్రాము. అంటే హద్దుకి పదిరెట్లు సీసం ఉన్నా పెన్ను మీద తేడా తెలీదు! మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందుకైతే హద్దు లీటరుకి 1 మైక్రోగ్రాము. టెస్ట్ కేసు రాయని చోట బగ్గు దొరకదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

కృష్ణా జిల్లా కృత్తివెన్ను సంగతే తీస్కోండి. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క ఉప్పుటేరు. బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్ళే. అందుకే కాలువ వదిలినప్పుడు మంచినీళ్ళ చెరువు నింపుకుని, కాలువ కట్టేశాక ఎండాకాలమంతా ఆ నీళ్ళతోనే నెట్టుకురావాలి. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరిన నీళ్ళు ఈ శివారుకి చేరేలోపు దార్లో ఊళ్ళ మురుగు, వరిచేలల్లో కొట్టిన మందులు, చేపల చెరువులు, రొయ్యల చెరువుల నీళ్ళు ఏవి కలుస్తాయో ఎవరు చూశారు? కాబట్టి ఇక్కడ అడగాల్సింది టీడీఎస్ ఎంత అని కాదు, ఎగువ నుంచి ఏమేం రావచ్చు అని.

రెండో ప్రశ్న, తాగేది ఎవరు? నల్గొండ పుణ్యమా అని మనందరికీ తెలిసిన ఫ్లోరైడ్ నే చూద్దాం. మన ప్రమాణంలో గరిష్ఠ హద్దు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషి ఆ నీళ్ళు రోజుకి 2 లీటర్లు తాగితే కిలో బరువుకి 0.05 మిల్లీగ్రాములు పడుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ పెట్టుకున్న హద్దు 0.06, కాబట్టి పర్లేదు. అవే నీళ్ళు 15 కిలోల పిల్లాడు ఒక్క లీటరు తాగితే 0.1. 50 కిలోల కూలీ మనిషి ఎండలో నాట్లేస్తూ 4 లీటర్లు తాగితే 0.12, అంటే హద్దుకి రెట్టింపు! రిపోర్టులో మాత్రం ముగ్గురికీ "పాస్" అనే ఉంటుంది. ఏసీలో కూర్చుని రెండు లీటర్లు తాగే మనలాంటి వాళ్ళ లెక్క, పొలంలో ఉన్నవాళ్ళకి సరిపోదన్నమాట.

ఉప్పుని కూడా తేలిగ్గా తీసుకోకూడదు. లీటరుకి 500 మిల్లీగ్రాముల సోడియం ఉన్న నీళ్ళు 3 లీటర్లు తాగితే ఒకటిన్నర గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజుకి 2 గ్రాములు దాటొద్దంటోంది. పచ్చడి మెతుకు నోట్లో పెట్టకముందే ముప్పాతిక వంతు అయిపోయింది! బంగ్లాదేశ్ తీరంలో తాగునీటి ఉప్పుకీ, గర్భిణుల రక్తపోటుకీ సంబంధం ఉందని 2011లోనే ఒక అధ్యయనం వచ్చింది. అదీ మన కృష్ణా తీరం లాంటి డెల్టానే.

ఇదంతా భయపెట్టడానికి చెప్తున్నాననుకుంటే, కొల్లేటికి అవతలున్న ఏలూరుని గుర్తు తెచ్చుకోండి. 2020 డిసెంబరులో కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా ఫిట్స్ వచ్చి, కళ్ళు తిరిగి పడిపోయారు. మొదట నీటి పరీక్షల్లో తేడా ఏమీ లేదన్నారు. తర్వాత ఎయిమ్స్ వాళ్ళు రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, వేరే సంస్థలు పురుగుమందుల్ని అనుమానించాయి. జనం పడిపోయాక వెతుక్కోవడం అంటే ఇదే.

"ఇన్ని రసాయనాలకి పరీక్షలంటే ఖర్చు ఎంతవుతుంది బాబూ" అంటారు. అన్నిటికీ అక్కర్లేదు. ఆ సీజన్లో ఎగువ ఊళ్ళ మందుల షాపుల్లో ఏవి ఎక్కువ అమ్ముడయ్యాయో కనుక్కుని, వాటికే చేయించండి. చెరువు నింపేముందు ఒకసారి, ఎండాకాలం చివర్లో ఇంకోసారి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊళ్ళో ఆడవాళ్ళకి కిట్లిచ్చి పరీక్షలు నేర్పించారు, చాలా మంచి పని. కానీ ఆ కిట్లు పురుగుమందుల్ని పట్టుకోలేవు, దానికి ల్యాబే కావాలి.

ల్యాబులు లేవా అంటే, మన రొయ్యలకి ఉన్నాయిగా! కిలో రొయ్యలో మైక్రోగ్రాము కన్నా తక్కువ యాంటీబయాటిక్ ఉన్నా పట్టేస్తారు. మన దేశం నుంచి వెళ్ళే చెరువు రొయ్యల సరుకులో 10 శాతానికి చేసే తనిఖీని 2016లో యూరోపియన్ యూనియన్ 50 శాతానికి పెంచింది. కొనేవాడు గట్టిగా అడిగాడు, మనం చేస్తున్నాం. ఆ రొయ్యని పెంచిన మనిషి తాగే నీళ్ళ గురించి అడిగేవాళ్ళు లేరు, అంతే తేడా.

అందుకని ఈసారి ఊరెళ్ళినప్పుడు పెన్ను పక్కన పెట్టి, పంచాయతీలోనో గ్రామీణ నీటి సరఫరా విభాగంలోనో మీ చెరువు పరీక్షల రిపోర్టు అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఫీజు పది రూపాయలు దాటదు. ఏయే పరీక్షలు చేశారో చూడండి, చేయనివి ఏవో ఇంకా జాగ్రత్తగా చూడండి. క్యాన్ కొనుక్కునేవాళ్ళ సంగతి సరే, చెరువు నీళ్ళు తప్ప వేరే దిక్కులేని వాళ్ళ తరఫున అడగాల్సింది చదువుకున్న మనమే.