సబ్ర్ కింది ఇంటివాళ్లకేనా?

టోలీచౌకీ అపార్ట్‌మెంట్లలో పైఅంతస్తు చప్పుడు గురించి నోరు విప్పితే ఒకటే జవాబు: "బచ్చే హై భాయ్, జరా సబర్ కరో." ఈ నసీహత్ ఎప్పుడూ పైనుంచి కిందికే దిగుతుందేం? నా అంతట నేను చేస్తే అది సబ్ర్. చప్పుడు చేసేవాడే చెయ్యమంటే అది జులుం.

పిల్లలు పరిగెత్తుతారు, సరే. రాత్రి పదకొండింటికి మంచం ఈడ్చేది, అల్లం దంచేది పెద్దవాళ్లే కదా! గుండెజబ్బు మనిషి మా అమ్మీ, ప్రతిసారీ ఉలిక్కిపడి లేస్తుంది.

మీ ఫర్ష్ మా ఛత్. ఆ అదురు స్లాబ్‌లోంచే దిగుతుంది. మేం కిటికీలు మూసుకున్నా ఫాయిదా లేదు. ఇలాజ్ మీ దగ్గరే ఉంది: కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు, నేలమీద దరీ, మిక్సీ కింద మందపాటి గుడ్డ. సహరీకి మసాలా సాయంత్రమే నూరిపెట్టుకోండి.

హమ్సాయా అంటే ఒకే నీడను పంచుకునేవాడు. నిసా సూరా 36వ ఆయత్‌లో అమ్మానాన్నలు, యతీములతో పాటు హమ్సాయా కూడా ఉన్నాడు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతాలకు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా హద్దు 45 డెసిబెల్స్. దీన్ చెప్పింది, ఖానూన్ చెప్పింది. ఇంకా కింది ఇంటి బీమార్ మెట్లెక్కి వచ్చి అడుక్కోవాలా?