డ్రాయింగ్ పీరియడ్‌ను ఎవరు మింగేశారు?

ఏ బడి టైంటేబుల్ అయినా తీసి చూడండి. వారానికి ఒకటో రెండో గళ్లలో "డ్రాయింగ్" అనో, "క్రాఫ్ట్" అనో, ఈ మధ్య స్టైలుగా "యాక్టివిటీ" అనో రాసి ఉంటుంది. ఆ పీరియడ్‌లో క్లాసులోకి ఎవరొస్తున్నారో మీ పిల్లల్ని అడగండి. లెక్కల సారు వస్తారు. లేదంటే సిలబస్ వెనకబడిన సైన్సు మేడం వస్తారు. వాళ్లూ రాకపోతే "గమ్మున కూర్చుని హోంవర్కు రాసుకోండి" అంటారు. కడపలో ఏ తల్లిని కదిలించినా ఇదే మాట. మనం ఇంతకాలం దీన్ని పెద్ద విషయంగా అనుకోవడం లేదు. నేనేమో ఇది దొంగతనం అంటాను. పిల్లలకు కాగితం మీద ఇచ్చి, చేతిలోంచి లాక్కున్న గంట అది.

దొంగతనం అనే మాట ఊరికే వాడలేదు. మా పాప ఏడో తరగతి, ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో. పోయినేడాది ప్రోగ్రెస్ కార్డులో "కళలు, సాంస్కృతిక విద్య" ఎదురుగా "ఏ" గ్రేడు ఉంది. ఏడాది పొడుగునా ఒక్క బొమ్మ గీయించలేదు, ఒక్క పాట నేర్పలేదు. మరి ఆ గ్రేడు దేన్ని చూసి ఇచ్చారు? పరీక్షే పెట్టకుండా లెక్కల్లో తొంభై మార్కులు వేసి పంపితే మనం ఊరుకుంటామా? బడి ముందుకు పోయి నిలదీయమా? బొమ్మల గ్రేడు దగ్గర మాత్రం "ఏ వచ్చిందిలే" అని సంతకం చేసి పంపేస్తాం.

"లేదక్కా, మా బడిలో ప్రాజెక్టు వర్కులు చానా చేయిస్తారు" అని కొందరు అంటారు. అవి ఎవరు చేస్తున్నారో మనకు తెలియదా? రాత్రి తొమ్మిదికి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది, రేపటికి మోడల్ తేవాలని. పిల్ల అప్పటికే ట్యూషన్ నుంచి వచ్చి తూగుతుంటుంది. అమ్మ గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, థర్మాకోల్ ముందు కూర్చుంటుంది. ఓపిక లేని ఇంట్లో నాన్న బండేసుకుని ఫ్యాన్సీ షాపుకు పోయి తయారుగా ఉన్నది కొనుక్కొస్తాడు. చేతులతో నేర్చుకునే చదువు అని పేరు. ఆ చేతులు మాత్రం తల్లివి, లేకపోతే షాపువాడివి. పిల్ల చేసిన పనల్లా ఆటోలో అది నలగకుండా పట్టుకోవడం.

మా పాపకు పోయినేడాది "ఒక కోట నమూనా" తెమ్మన్నారు. దసరా సెలవుల్లో గండికోట చూసొచ్చాం కాబట్టి అదే చేస్తానంది. నేను చెయ్యి పెట్టలేదు. మూడు రోజులు చెరువు మట్టితో కుస్తీ పట్టింది. గోడ ఒక పక్కకు ఒరిగింది. ధాన్యాగారం మసీదు కంటే పెద్దదైపోయింది. పెన్నా లోయ కోసం పాత నీలం ఓణీ గుడ్డ కత్తిరించి పరిచింది. నది కోటకు ఏ వైపు ఉంది, లోయ ఉన్న వైపు శత్రువులు ఎక్కడం ఎందుకు కష్టం అని తనే ఆలోచించుకుని నాకు చెప్పింది. ఆ మట్టి కోటకు పదికి ఆరు మార్కులు. కొనుక్కొచ్చిన థర్మాకోల్ కోటలకు, అవి ఏ ఊరి కోటలో తెచ్చిన పిల్లలకే తెలియదు, పదికి పది. "నీట్‌నెస్" లేదట. "నేను చేసిందే తప్పా అమ్మా?" అని అడిగింది. తప్పు నీది కాదు తల్లీ, మార్కులేసిన వాళ్లది అని చెప్పాను. ఇప్పుడు మీకూ అదే చెప్తున్నాను.

ఇంక యాన్యువల్ డే సంగతి. నెల ముందు బయటినుంచి డాన్సు మాస్టరును పిలుస్తారు. పొడుగ్గా, సన్నగా, చలాకీగా ఉన్న పిల్లల్ని ఏరుకుంటారు. సినిమా పాటకు స్టెప్పులు, డ్రెస్సు బాడుగ మన దగ్గరే వసూలు. మిగతా పిల్లలు కింద కూర్చుని చప్పట్లు కొడతారు. డాన్సు తప్పని అనడం లేదు, చేసే పిల్లలకు అదొక సంబరం. కానీ ఒక సాయంత్రం కోసం కొందరు పిల్లలతో చేయించేదాన్ని అందరికీ ఏడాది పొడుగునా నేర్పే చదువు అని చెప్పుకోవద్దు. అది బడి అడ్వర్టైజ్‌మెంటు. ఫ్లెక్సీ మీదికి ఫోటోలు కావాలి, అంతే.

ఇదంతా బడివాళ్ల దయాదాక్షిణ్యాల విషయం అనుకుంటే పొరపాటు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో స్పష్టంగా ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి మించి పిల్లలుంటే కళలకు ఒకరు, ఆరోగ్య వ్యాయామ విద్యకు ఒకరు, పని విద్యకు ఒకరు పార్ట్‌టైం బోధకులుగా ఉండాలి. ప్రైవేటు బడికి గుర్తింపు కావాలన్నా ఆ షెడ్యూలు నిబంధనలు పాటించాల్సిందే. 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలంది. 2020 జాతీయ విద్యా విధానం ఇంకో అడుగు వేసి, ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఎప్పుడైనా పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా ఊళ్లోని వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు, కళాకారుల దగ్గర పని నేర్చుకోవాలంది. అంటే చట్టమూ ఉంది, విధానమూ ఉంది. లేనిది అడిగే మనిషి.

ఇది ఢిల్లీ వాళ్లు ఇప్పుడు కనిపెట్టిందీ కాదు. 1910లోనే బందరులో కోపల్లె హనుమంతరావు గారు ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టి, పుస్తకాల చదువుతో పాటు చేతిపనులు, చిత్రలేఖనం నేర్పించారు. అడివి బాపిరాజు గారు ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ దగ్గర బొమ్మలు నేర్చుకున్నది అక్కడే. తర్వాతి కాలంలో మన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రాయింగ్ మాస్టరు, క్రాఫ్ట్ టీచరు అని పోస్టులే ఉండేవి. ఆ ఉద్యోగాల కోసమే డ్రాయింగు, కుట్టుపని, చేనేతలో లోయరు, హయ్యరు పరీక్షలు ప్రభుత్వమే పెడుతూ వచ్చింది. మన వయసు వాళ్లలో ఎంతమంది డ్రాయింగ్ సారు బోర్డు మీద చాక్‌పీసుతో ఒక్క గీతలో నెమలిని వేస్తుంటే నోరు తెరుచుకుని చూశారో గుర్తు చేసుకోండి. మన బడిలో ఫ్యాన్లు ఉండేవి కావు, ఆ సారు ఉండేవారు. ఇప్పుడు ఏసీ గదులున్నాయి, ఆయన లేరు.

ఇక అసలు అభ్యంతరానికి వస్తాను. మా వీధిలో ఒక పెద్దమ్మ మొహం మీదే అడిగింది: "బొమ్మలేసుకుంటా కూర్చుంటే కూడొస్తాదా?" దీన్ని నేను తేలిగ్గా తీసేయను. మనది వానకు మొహం వాచిన నేల. వెయ్యి అడుగులు తవ్వినా బోరులో నీళ్లు పడక, అప్పుల్లో మునిగి, ఉన్న ఎకరాలు అమ్మి కడపకు వచ్చి, పిల్లల చదువు ఒక్కటే గట్టు అని నమ్ముకున్న ఇళ్లు ఎన్నో. ఇంట్లో ఒక్క పిల్లోడికి ఉద్యోగం వస్తే అమ్మానాన్నల తలరాత మారుతుంది. అలాంటి తల్లి ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అంటే చేర్పించిందంటే ఆమెను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

కానీ ఆమెకు చెప్పిన లెక్కే అబద్ధం. వారానికి రెండు పీరియడ్లు బొమ్మలకు ఇస్తే ర్యాంకు పోతుందని ఆమెను భయపెట్టారు. ఉదయం ఏడు నుంచి రాత్రి ఏడు దాకా సాగే చదువులో ఆ రెండు గంటలే అడ్డమా? అసలు లెక్కలు చేతికి తగిలేది ఎక్కడో చూడండి. మన గడప ముందు వేసే సందు చుక్కల ముగ్గే తీసుకోండి. మధ్య వరుసలో 7 చుక్కలు, పైకీ కిందికీ 6, 5, 4. మొత్తం ఎన్ని? 37. అదే మధ్యలో 9 పెట్టి 5 దాకా పోతే? పిల్లను చుక్కలు పెట్టించి లెక్కపెట్టమనండి. 61 అని తనే చెబుతుంది, కాసేపటికి సూత్రం కూడా తనే పట్టుకుంటుంది. జాకెట్టు కత్తిరించే టైలరమ్మ భిన్నాలు చేతివేళ్ల మీద చేస్తుంది. మాధవరం మగ్గం మీద పడుగు, పేకల లెక్క తప్పితే చీరలో అంచు కలవదు. ఇవన్నీ లెక్కలు కావా?

కూడు సంగతే అడిగితే, అదీ చెప్తాను. ఆర్కిటెక్టు కావాలంటే రాసే నాటా పరీక్షలో బొమ్మ గీయాలి. ఫ్యాషన్ డిజైన్ కోసం నిఫ్ట్ రాస్తే చేతి నైపుణ్యం చూస్తారు. మన కడపలోనే 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం పెట్టారు. మన ఊళ్లో ఉన్న ఆ విశ్వవిద్యాలయంలోకి మన పిల్లలు ఏ ధైర్యంతో పోతారు? ఆరో తరగతి తర్వాత పెన్సిలుతో గీత గీయని పిల్ల, ఇంటర్ అయ్యాక ఎక్కడో నగరానికి పోయి డబ్బు కట్టి గీతలు నేర్చుకోవాలి. ఆ డబ్బున్న ఇంటి పిల్లకు సీటు, మన పిల్లకు "నీకు ఆ లైను పడదులే" అనే మాట. కూడు పెట్టదన్నది బొమ్మ కాదు, బొమ్మ నేర్పని బడి.

ఇంకో ముచ్చట చూడండి. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడిలో పిల్లలు మట్టి పని, వడ్రంగం, సంగీతం నేర్చుకుంటారు. పెద్ద నగరాల్లో లక్షల ఫీజు తీసుకునే ఇంటర్నేషనల్ స్కూళ్ల బ్రోచర్లలో కుమ్మరి చక్రం ముందు కూర్చున్న పిల్ల ఫోటోనే ముందుంటుంది. డబ్బున్నవాళ్లు డబ్బు కట్టి మరీ కొనుక్కుంటున్న దాన్ని, అది దండగ అని మనకు చెప్పి తీసేస్తున్నారు. ఆలోచించాల్సిన విషయం ఇదే. కుమ్మరి ఇంటి ఆడబిడ్డ మొల్లది మన బద్వేలు పక్క గోపవరం అని గొప్పగా చెప్పుకుంటాం. ఆమె పేరు మీద పద్యాల పోటీలు పెడతాం. మన పిల్లల చేతికి మట్టి అంటితే మాత్రం "ఛీ, కడుక్కో" అంటాం.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. ముగ్గు, కుట్టు, అల్లిక, పూలదండ, ఇవన్నీ ఆడపిల్లకు ఇంట్లో "పని"గా వస్తాయి, "చదువు"గా లెక్కకు రావు. మగపిల్లోడు చొక్కా గుండీ కుట్టుకోవడం నేర్చుకోడు. ఆడపిల్లకు సుత్తి, రంపం చేతికివ్వరు. బడిలో పని విద్య సరిగ్గా ఉంటే అక్కడ ఇద్దరూ సూది పడతారు, ఇద్దరూ మేకు కొడతారు. మన వంటింటి బరువు రేపు ఎవరి మీద పడుతుందనేది కూడా ఆ పీరియడ్‌లోనే కొంత తేలుతుంది. అందుకే ఇది అమ్మల విషయం అంటున్నాను.

చేయాలంటే దారి లేకపోలేదు. మన రాష్ట్రంలో 2025-26 నుంచి ప్రతి శనివారం నో బ్యాగ్ డే అని ప్రభుత్వం ప్రకటించింది. సంచి లేకుండా బడికి పిలిచి, స్టడీ అవర్ పెడితే ఏం లాభం? ఆ శనివారం మన పల్లెల్లో చెక్కభజన నేర్పే గురువును పిలవండి. పాతిక మంది పిల్లలు ఒకే తాళానికి అడుగు కలపడం చూస్తే, వెనక బెంచీ పిల్లోడు ముందు వరుసలోకి ఎట్లా వస్తాడో టీచర్లకే తెలుస్తుంది. మాధవరం నుంచో జమ్మలమడుగు నుంచో ఒక నేతన్నను, కుమ్మరిని, కుట్టుపని వచ్చిన ఆమెను పిలవండి. శాలువా కప్పి ఫోటో తీసి పంపడం కాదు, గంటకు ఇంత అని చేతిలో డబ్బు పెట్టి పిలవాలి. మగ్గం కిందనే రోజులు వెళ్లదీస్తున్న మనిషికి అది ఆదరువు. తన పనికి బడిలో గౌరవం ఉందని ఆయన పిల్లలకూ తెలుస్తుంది.

2024 డిసెంబరు 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది గుర్తుందా? ఉప ముఖ్యమంత్రి మన కడప మునిసిపల్ హైస్కూలుకే వచ్చారు. ఆ రోజు బడుల్లో తల్లులకు ముగ్గుల పోటీలు పెట్టారు, తండ్రులకు తాడు లాగే పోటీలు. అమ్మలు ఎంత బాగా వేశారు! ఆ చుక్కల ముందు నిలబడి "మా పిల్లలకు డ్రాయింగ్ నేర్పేది ఎవరు?" అని మనమంతా ఒక్క గొంతుతో అడిగి ఉంటే ఎంత బాగుండేది.

మళ్లీ మీటింగ్ వస్తుంది. ప్రభుత్వ బడి అయినా, ప్రైవేటు అయినా, నాలుగే ప్రశ్నలు అడగండి. ఆర్ట్ టీచరు పేరేమిటి? ఈ నెలలో ఆ పీరియడ్లు ఎన్ని జరిగాయి, నోటుబుక్కు చూపిస్తారా? ప్రోగ్రెస్ కార్డులో గ్రేడు ఏ పని చూసి ఇచ్చారు? ప్రాజెక్టు పని బడి టైంలో, పిల్లల చేతనే చేయిస్తారా, లేదా? జవాబు లేకపోతే రాతపూర్వకంగా ఇమ్మనండి. ఒక్క తల్లి అడిగితే "ఆమెకు పనీపాటా లేదు" అంటారు. పదిమంది అడిగితే టైంటేబుల్ మారుతుంది. ఫీజు పెంచినప్పుడు గేటు దగ్గర గుమిగూడటం మనకు వచ్చు కదా, అట్లాగే దీనికీ గుమిగూడదాం.