ఎనిమిది పైసల హక్కు, ఎండాకాలపు చదువు

ఏప్రిల్ నెలాఖరుకు బడులు మూతపడతాయి. జూన్ రెండో వారంలో తిరిగి తెరిచేవరకు దాదాపు ఏడు వారాల కాలం పిల్లల చేతిలో ఉంటుంది. స్తోమత గల కుటుంబాల పిల్లలు ఈత శిక్షణకో, కంప్యూటరు తరగతులకో వెళతారు. మన బస్తీల్లో మగపిల్లలు పంక్చరు దుకాణంలోనో, వెల్డింగు షాపులోనో చేతిసాయానికి కుదురుతారు. ఆడపిల్లలకు ఇంటిపనీ, తమ్ముళ్ల ఆలనా సరిపోతాయి. మార్చిలో తడబాటు లేకుండా చదివిన పాఠాన్నే జూన్‌లో కూడబలుక్కుంటారు. బళ్లో దానికి పెట్టే పేరు మందబుద్ధి. ఏడు వారాలపాటు పుస్తకం కంటపడని పిల్లవాడికి ఆ పేరు తగిలించడం అన్యాయం.

ఉద్యోగ జీవితంలో కొన్నేళ్లు పురపాలక సంఘం పన్నుల విభాగంలో గుమాస్తాగా ఉన్నాను. ఇంటిపన్ను లెక్కలో గ్రంథాలయ సెస్సు అనే పద్దు ఒకటి ఉంటుంది. రూపాయి పన్నుకు 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం స్థానిక సంస్థలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. సొంత ఇల్లున్నవారు నేరుగా కడతారు, అద్దెకున్నవారు అద్దెలో కలిపి కడతారు. అన్నేళ్లలో “ఇది దేనికి సాబ్?” అని నన్ను అడిగినవారిని వేళ్లమీద లెక్కించవచ్చు. అడిగినవారికి కూడా “గవర్నమెంటుది, కట్టేయండి” అని చెప్పి పంపాను. ఆ జవాబుకు నేటికీ సిగ్గుపడుతున్నాను. ఫలానా వీధిలో మీ గ్రంథాలయం ఉంది, మీ అమ్మాయిని పంపండి అని ఒక్క మాట చెప్పి ఉండవలసింది.

పుస్తకం పాఠకుడి దగ్గరకు వెళ్లాలన్న ఆలోచన తెలుగునాట కొత్తది కాదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య మొదలైనవారు ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులందరినీ ఒకచోట చేర్చారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువలో పడవ మీద పుస్తకాలు తీసుకువెళ్లారు. కాలువ గట్టున ఉన్న పల్లెకు పుస్తకం చేర్చిన తెలుగునేలలో, పట్టణం నడిబొడ్డున ఉన్న మన మొహల్లాకు అది ఇంకా చేరలేదు.

పదవీ విరమణ తర్వాత మా బస్తీలో కొందరం కలిసి వేసవి పఠన పోటీ పెట్టాము. మొదటి ఏడాది చేసిన పొరపాటు చెప్పాలి. ఎవరు ఎక్కువ పుస్తకాలు చదివితే వారికి బహుమతి అన్నాము. ఒక కుర్రవాడు నలభై పుస్తకాల పేర్లు రాసుకొచ్చాడు. అట్టలు చూసి రాశాడని తర్వాత తెలిసింది. అప్పటికే బహుమతి ఇచ్చేశాము. అదే వేసవిలో ఆరో తరగతి అమ్మాయి ఒకే కథల పుస్తకాన్ని నాలుగుసార్లు చదివింది. బీడీలు చుట్టే దాదీకి రోజూ కొంత చొప్పున వినిపించిందట. దాదీ మళ్లీ మళ్లీ చదివించుకున్నదట. మా లెక్కలో ఆ అమ్మాయికి ఒక్కటే మార్కు! ఆ పిల్ల మరుసటి వారం నుంచి రాలేదు.

రెండో ఏడాది నియమాలు మార్చాము. వీధికొక జట్టు. జట్టులో చదవగలిగినవారూ, అక్షరాలు కూడబలుక్కునేవారూ కలిసి ఉండాలి. చదివిన కథను సొంత మాటల్లో చెప్పాలి, ఎదుటి జట్టు ప్రశ్నలు అడగాలి. ఇంట్లో చదువురాని పెద్దలకు చదివి వినిపిస్తే అదనపు మార్కులు, సాక్ష్యం ఆ పెద్దలదే. చివరి రోజున ఏ జట్టూ ఉత్తచేతులతో వెళ్లలేదు. గెలిచిన జట్టుకు దక్కింది ట్రోఫీ కాదు, గ్రంథాలయంలో కొత్త పుస్తకాల కట్ట విప్పే మొదటి అవకాశం. దానికోసం జరిగిన తగవులు తీర్చలేక మాకు చెమటలు పట్టాయి. పంక్చరు దుకాణం కుర్రవాళ్లు రాత్రి ఇషా నమాజు తర్వాత వచ్చేవారు. వారికోసం మరో గంట కూర్చున్నాము. మొదటి ఏడాది మానేసిన అమ్మాయిని పిలవడానికి ఇంటికి వెళ్తే, వెంట దాదీ కూడా వచ్చింది.

పలు జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏటా వేసవి విజ్ఞాన శిబిరాలు నిర్వహిస్తున్నాయి. కథలు చదివించడం, చిత్రలేఖనం, క్విజ్ వంటివి ఉంటాయి, రుసుము ఉండదు. మన పిల్లలు అక్కడ పలుచగా కనబడడానికి తప్పు ఒకవైపే లేదు. మనం పంపము. “గ్రంథాలయమంటే మగవాళ్లు దినపత్రికలు చదివే చోటు, ఆడపిల్లకు అక్కడేం పని” అనే తల్లిదండ్రులు నాకు తెలుసు. ఆ శంక పోవాలంటే మొదటి రోజు తల్లే వెంట వెళ్లాలి. జుమా రోజున మస్జిద్‌లో ఒక ప్రకటన చేయిస్తే సగం పని అవుతుంది.

అడగవలసినవి కూడా ఉన్నాయి. చాలాచోట్ల శాఖా గ్రంథాలయాలు ఉదయం, సాయంత్రం తెరిచి మధ్యాహ్నం మూసివేస్తారు. మే నెలలో పిల్లలకు నీడ కావలసింది సరిగ్గా ఆ మధ్యాహ్నమే. వేసవి వరకైనా వేళలు మార్చాలి. ఉర్దూను తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా గుర్తించారు. మరి పిల్లల అలమరలో ఉర్దూ కథల పుస్తకాలేవి? తెలుగు, ఉర్దూ పక్కపక్కన ఉంటే ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి మాట్లాడే మన పిల్లవాడు రెండింటిలోనూ నిలదొక్కుకుంటాడు.

ఈ కోరికలను మన కార్యకర్తలు మే నెలకు ముందే రాతపూర్వకంగా జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి అందజేయాలి. బస్తీవాసుల సంతకాలు తీసుకోండి. అర్జీకి ఇంటిపన్ను రసీదు నకలు జతచేసి, గ్రంథాలయ సెస్సు అంకె కింద ఎర్ర సిరాతో గీత గీయండి. రసీదు పుచ్చుకున్నట్లు ముద్ర వేయించుకోవడం మరవకండి.